పటములో ముడిపడిన హద్దుగీత

చేను కొలుచునపుడు గొలుసు లాగువాని తప్పు కొంత, లెక్క వ్రాయువాని తప్పు కొంత యుండుట పెద్దలెరిగినదే. వీనిలో నొకటి విచిత్రమైనది: హద్దుగీత సాగుచు సాగుచు తన్ను దానే దాటుట. దీనిని కనిపెట్టి తొలగించుటకు జరిగిన కృషి రెండువందల యేండ్లకు మించిన కథ.

ఒక చదరపు చేనుండెననుకొనుడు. ప్రక్క పది గొలుసులు. గొలుసు 66 అడుగులు. విస్తీర్ణము నూరు చదరపు గొలుసులు, అనగా 10 ఎకరములు. నాలుగు మూలరాళ్లను చుట్టువరుసను వ్రాసిన లెక్క సరిపోవును. మూడవ రాతికి ముందు నాలుగవదానిని వ్రాసిరా, గీతలు నడుమ దాటుకొని పటము డమరుకమగును. అప్పుడు మూలల స్థానములనుబట్టి విస్తీర్ణము కట్టు సూత్రము సున్న చూపును! ఏలన, గీత యొక పాయను ఎడమచేతి వైపుగను, రెండవదానిని కుడిచేతి వైపుగను చుట్టుచున్నది. ఒకటి కూడిక, ఇంకొకటి తీసివేత. రైతునకు పదియెకరములు, కాగితమునకు శూన్యము.

ఈ సూత్రమును 1769లో జర్మనీ దేశపు గణితజ్ఞుడు మైస్టరు వివరించి, తన్ను దాను దాటు ఆకృతులను గూడ విచారించెను. పేరు మాత్రము పలుచోట్ల గౌసునకు దక్కినది. పాండిత్య లోకమున నిట్టివి వింతగావు.

కాగితముపై ముడి కంటికి కనబడును. 1960 ప్రాంతముల కెనడాలో భూమి పటములను గణనయంత్రములకు ఎక్కింపసాగిరి. యంత్రమునకు కన్నులేవి? దానికి తెలిసినవి అంకెలే. పటముపై గీతవెంట నడపిన చేయి వణికినచో చిన్న ఉచ్చు పడును. 1973లో డగ్లసు, ప్యూకరు అనువారు గీతలోని అనవసర బిందువులను తగ్గించు పద్ధతిని ప్రకటించిరి. అది మిక్కిలి యుపయోగమైనదే గాని, వంపులు దగ్గరగా నున్నచోట బిందువులు పోయి, లేని దాటులు పుట్టవచ్చును.

ప్రతి ముక్కను తక్కిన ప్రతిదానితో సరిచూచినచో ముడి దొరకకపోదు. కాని వేయి ముక్కలకు 4,99,500 జతలు. పదివేలకు దాదాపు అయిదుకోట్లు. 1976లో అమెరికావారైన షామోసు, హోయీ చక్కని యుపాయము చెప్పిరి. చేలో గుంటక తోలినట్లు, ఒక నిలువుగీతను పటముపై ఎడమనుండి కుడికి జరుపవలెను. అది తాకు ముక్కలను పైనుండి క్రిందికి వరుసగా నుంచుకొని, ప్రక్కప్రక్కకు వచ్చినవానినే పరీక్షింపవలెను. దాటుకొనబోవు రెండు గీతలు అంతకుముందు ఇరుగుపొరుగు కాక తప్పదు గదా! వారు దాటు కలదా లేదా యనుటతో నాగిరి. 1979లో బెంట్లీ, ఓట్‌మను అనువారు దాటినచోట ఆ రెండింటి వరుసను తారుమారు చేయుచు ముందునకు సాగి, దాటులన్నిటిని పట్టుకొనిరి. ఒక జాగ్రత్త వలయును: వెంటవెంట వచ్చు ముక్కలు ఒకే మూలను పంచుకొనును, దానిని దోషముగా నెంచరాదు.

ఇక తొలగించుట. దాటినచోట క్రొత్త బిందువు నుంచి, నడుమ చిక్కిన ఉచ్చును కోసివేయుట వాడుక. చేతివణుకుచే వచ్చిన ఉచ్చునకు అది చాలును. మన డమరుకమున కట్లు చేసినచో ఒక పాయ పోయి 2½ ఎకరములు మిగులును. రెండు పాయలను నిలిపి కూడినచో 5. రాళ్ల వరుసను దిద్దినప్పుడే 10. కావున ముడిని చూపు పనిని యంత్రమునకు విడిచి, కోయుటయా, దిద్దుటయా యనుదానిని చేని గట్టున నిలిచి నిర్ణయించుట మేలని నా యభిప్రాయము.

ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో భూముల పునఃసర్వే ఆరంభమయ్యెను. స్థానములెంత సూక్ష్మముగా కొలిచినను, ఏ రాతి వెనుక ఏ రాయి యనునది వ్రాతలోనే యుండును. మీ చేని పటము చేతికి వచ్చినపుడు విస్తీర్ణము చదువుటకు ముందు, రాళ్ల సంఖ్యల వెంట వ్రేలితో ఒకసారి చుట్టివచ్చి చూచుకొనుడు.