పాసయిన మాట

కర్నూలు జిల్లా గోనెగండ్ల బస్టాండులో పొద్దున ఒక గంట నిలబడితే ఒకే ఇంగ్లీషు క్రియ నాలుగు వేషాల్లో చెవిన పడుతుంది. "మావోడు టెన్త్ పాసయినాడు" అని ఒకరు. "పాస్ బుక్కు తెచ్చినావా పెద్దప్పా?" అని ఇంకొకరు. ఎమ్మిగనూరు కాలేజీకి పోయే పిల్ల బస్ పాసు సంచిలో ఉందో లేదో తడుముకుంటుంది. కాలువ పని చేసిన మేస్త్రీ బిల్లు ఇంకా పాస్ కాలేదని ఫోనులో మొత్తుకుంటాడు. అయితే బస్సు తప్పిపోయినవాడు మాత్రం "బస్సు పాసయింది" అనడు. దాటిపోయింది అంటాడు.

ఇంగ్లీషులో ఆ క్రియకు అసలు అర్థం దాటడమే. లాటిన్‌లో అడుగు అనే మాట నుంచి పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరింది. మనిషి వీధి దాటినా, కాలం గడిచినా, ఆస్తి కొడుక్కు సంక్రమించినా, నాణెం చెల్లినా, పెద్దవాళ్లు గతించినా ఇంగ్లీషువాడికి ఆ ఒక్క మాట చాలు. తెలుగులో ఇన్నిటికీ ఇన్ని క్రియలున్నాయి, వాటిలో దేన్నీ తెలుగువాడు వదులుకోలేదు. ఎరువు తెచ్చుకున్న అర్థాలు వేరు. గడప దగ్గర అధికారి కూర్చుని "సరే, పో" అనాల్సిన చోటే ఎక్కువగా పాసు తెలుగులోకి వచ్చింది. పడమటి కర్నూలు చరిత్ర తెలిసినవాళ్లకు ఈ ఎంపిక యాదృచ్ఛికమని అనిపించదు.

ఈ పడమటి కర్నూలులోని ఆదోని సీమ చాలాకాలం సరిహద్దు నేల. 18వ శతాబ్దంలో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉంది, 1786లో టిప్పు సుల్తాన్ చేతికి చిక్కింది. 1800లో నిజాం దీన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆ తర్వాత తుంగభద్రకు అవతల నిజాం రాజ్యం, ఇవతల కంపెనీ రాజ్యం. ఎద్దుల బండి మీద పత్తో, ధాన్యమో పోతుంటే దారిలో సుంకం చౌకీలు అడ్డం తగిలేవి. సుంకం కట్టినట్టు చీటీ చూపిస్తేనే బండి కదిలేది.

ఆ చీటీకి అప్పుడు ఇంగ్లీషు పేరు అక్కర్లేదు, పారశీకం పేర్లే బోలెడు. రహదారి అంటే దారి కాపలా, దారి సుంకం, ఆ సుంకం తీరిందని ఇచ్చే చీటీ కూడా. రవానా అంటే సరుకు పోవచ్చని సుంకం వాళ్లు ఇచ్చే అనుమతి పత్రం. బెంగాల్లో దస్తక్ అనే ఇలాంటి కాగితాన్నే కంపెనీ నౌకర్లు సొంత వ్యాపారానికి వాడుకున్నారు. నవాబు మీర్ ఖాసింతో వచ్చిన యుద్ధానికి ఆ తగవు ఒక కారణం. మద్రాసు రాజధానిలో దారి సుంకాలు 1844లో రద్దయ్యాయి. చీటీలు పోయాయి గానీ వాటి పేర్లు బతికాయి: రహదారి నేలమీది రోడ్డయింది, రవానా సరుకు చేరవేత అయింది. ఈనాడు జాతీయ రహదారి మీద సరుకు రవానా చేసే లారీ డ్రైవరు ఒకే వాక్యంలో రెండు పాత పాసుల పేర్లు పలుకుతున్నాడు.

ఖాళీ అయిన ఆ చోటులోకి ఇంగ్లీషు మాట వచ్చి కూర్చుంది. 1871లో మద్రాసు రైలు మార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. రైలుతో పాటు రైలు పాసూ వచ్చింది. 1882లో తపాలా ఆఫీసుల్లో సేవింగ్స్ బ్యాంకు మొదలై పాస్ బుక్కును జనం చేతికిచ్చింది. బ్యాంకుకూ ఖాతాదారుకూ మధ్య చేతులు మారే పుస్తకం కాబట్టి ఇంగ్లీషులో దానికాపేరు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ పట్టలేదు. సర్కారు ముద్ర పడిన, హక్కు చూపించే పుస్తకంగానే అది స్థిరపడింది.

పొలానికి సంబంధించిన పాసుకు మూలం ఇంకా లోతున ఉంది. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. ఆయన గవర్నరుగా పర్యటిస్తూ 1827 జులై 6న కలరాతో చనిపోయింది ఈ చుట్టుపక్కలి పత్తికొండలోనే. రైతు పేరిట పట్టా అనే ఆలోచన ఈ నేలలో అంత పాతది. భూమి హక్కుల రికార్డుల కోసం 1971లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టానికి తర్వాతి సవరణలతో పట్టాదారు పాస్ పుస్తకం పేరు తోడైంది. ఆ పేరును విప్పి చూడండి. పట్టా, పుస్తకం సంస్కృత మూలాలవి, దారు పారశీకం, పాస్ ఇంగ్లీషు. ఈ సీమ మీదుగా పోయిన పాలనలన్నీ రైతు ట్రంకుపెట్టెలో ఒక్క పేరుగా పడి ఉన్నాయి. అప్పుకు బ్యాంకుకు వెళ్లే రైతు ఆ పుస్తకం వెంట తీసుకుపోతాడు.

పరీక్ష పాసుది మరో దారి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టాక మెట్రిక్యులేషన్ పాసు ఉద్యోగానికి తలుపయింది. 1892లో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం' నాటకంలో వెంకటేశం పరీక్ష తప్పాడంటే ప్రేక్షకులకు వివరించాల్సిన పని లేకపోయింది. పత్రికలు రాసే ఉత్తీర్ణుడు అన్న సంస్కృత పదానికి అసలు అర్థం దాటినవాడు. ఊళ్లో అమ్మలు "ఎట్లో గట్టెక్కినాడు" అంటారు, అదీ ఏరు దాటిన మాటే. ఇంగ్లీషు క్రియ వదిలేసి వచ్చిన దాటడం అనే అర్థాన్ని ఈ రెండు మాటలూ మోస్తున్నాయి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి వచ్చి కర్నూలు జిల్లాలో కలిశాయి. రాజధాని కూడా కర్నూలే. అంతదాకా మద్రాసులో పాసయ్యే బిల్లులు ఇంటి పక్కకు వచ్చాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఆ ప్రభుత్వం చేసిన చట్టంతోనే ఏర్పడింది. బిల్లు కర్నూలులో పాసయింది, ఆ చలవతో రాయలసీమ పిల్లలు డిగ్రీ పాసయ్యారు.

ఈ మాటను తెలుగు చేసింది అవు, చేయు అనే రెండు చిన్న క్రియలు. పిల్లవాడు పాసవుతాడు, ట్రెజరీ బిల్లు పాస్ చేస్తుంది. ఇక "పాస్ చేయించినాడు" అన్నామంటే మధ్యన ఇంకొక మనిషి నిలబడ్డాడని వేరే చెప్పనక్కర్లేదు. అంత సమాచారాన్ని ఒక్క ప్రత్యయంలో ఇంగ్లీషు చెప్పలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతుకు ఆ ప్రత్యయం విలువ బాగా తెలుసు.

అధికారి గడప తొక్కకుండా వచ్చిన పాసులు కొద్ది. మైదానంలో పిల్లలు బంతి పాస్ ఇచ్చుకుంటారు. ఆదోని మీదుగా పోయే రైళ్లలో వేయించిన చెనక్కాయల పొట్లాలు పట్టుకుని "టైంపాస్, టైంపాస్" అని అరుస్తూ కుర్రాళ్లు పెట్టె పెట్టెకూ తిరుగుతారు. ఆ పొట్లం కొని, ఒక్కో కాయ వలుచుకుంటూ, కిటికీలోంచి తుంగభద్ర ఎప్పుడు దాటుతామా అని చూస్తారు ప్రయాణికులు.