లా సీటుకు దరఖాస్తు: నాడు, నేడు

బారిస్టర్ అనగానే మన తెలుగువాళ్ళకి టంగుటూరి ప్రకాశం పంతులుగారే గుర్తొస్తారు. రాజమండ్రిలో ప్లీడరుగా ఆయన బాగానే సంపాదించేవారు. కానీ ఆ సెకండ్ గ్రేడ్ పట్టాతో మద్రాసు హైకోర్టులో వాదించే హక్కు లేదు. అందుకే 1904లో ఈ దేశానికి ఓడ ఎక్కారు. అప్పట్లో బారిస్టరు కావడానికి యూనివర్సిటీ డిగ్రీ తప్పనిసరి కాదు. లండన్‌లోని నాలుగు ‘ఇన్’లలో ఒకదానిలో చేరి, టర్ముకు ఇన్నని లెక్కప్రకారం అక్కడ విందులు భోంచేసి, పరీక్షలు ప్యాసవ్వాలి. భోజనానికి హాజరు వేసే చదువు ఇంకెక్కడా వినలేదు!

ఆడవాళ్ళకి మాత్రం ఆ పంక్తిలో విస్తరి లేదు. నాసిక్‌లో పుట్టిన కార్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాశారు. పట్టా చేతికిచ్చింది 1922లో, ముప్ఫయ్యేళ్ళకి! అదే ఆక్స్‌ఫర్డ్ లా పరీక్షలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న గ్వినెత్ బెబ్‌ని, మరో ముగ్గురు యువతులని లా సొసైటీ సొలిసిటర్ల పరీక్షకి రానివ్వలేదు. వాళ్ళు కోర్టుకెక్కారు. 1843 నాటి చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాట స్త్రీలకి వర్తించదని 1913లో తీర్పు వచ్చింది. నేను ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. 1919లో చట్టం మారింది, 1922లో ఐవీ విలియమ్స్ ఇంగ్లండులో తొలి మహిళా బారిస్టరయ్యారు. బెబ్ అది చూడలేదు. 1921లో కాన్పు తర్వాత పోయింది.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, మా అమ్మాయి లా చదువుతానంది. మా ఆవిడా, నేనూ డాక్టర్లం. ఈ దారిలో మాకు ఓనమాలు రావు. విజయవాడ నుంచి మా అమ్మ ఫోనులో, “ఏమే తల్లీ, మెడిసిన్‌లో సీటు రాలేదా?” అంది. “నేను అడగలేదు నాన్నమ్మా” అంది ఇది.

ఇప్పుడు అర్జీలన్నీ యూకాస్ ద్వారానే, మొత్తం ఐదు కోర్సులకి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒకదానికే పెట్టాలి, అదీ అక్టోబరు మధ్యలోపు. ఏ లెవెల్‌లో లా చదివి ఉండనక్కరలేదు. కొన్ని యూనివర్సిటీలు 2004లో మొదలైన ఎల్‌నాట్ అనే పరీక్ష అడుగుతాయి. అందులో చట్టం గురించి ఒక్క ముక్క అడగరు. వ్యాసభాగాలిచ్చి 42 ప్రశ్నలు, ఆపైన 40 నిమిషాల్లో ఒక వ్యాసం. మన లెక్కల ట్యూషన్లు ఇక్కడ పనికిరావు; రోజూ పేపరు చదివి, ఎదుటివాడి వాదనలో లొసుగు పట్టుకోవడం అలవాటవ్వాలి. మా ఇంట్లో ఆ రెండోదానికి సాధన భోజనాల బల్ల దగ్గర జరుగుతోంది, నా మీదే.