గౌతమి ఒడ్డున అట్ట మీది బొమ్మ

యానాంకి పుస్తకం రెండు దారుల్లో వచ్చింది. ఒకటి సముద్రం దాటి పుదుచ్చేరి మీదుగా వచ్చిన ఫ్రెంచి దారి. రెండోది కాకినాడ, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన తెలుగు దారి. 1723లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ కాలు పెట్టారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కిన ఏళ్లు పోను, 1954 దాకా ఊరు వాళ్ల ఏలుబడిలోనే ఉంది. ఈ రెండు దారుల్లో వచ్చిన పుస్తకాల్లో భాష ఒక్కటే కాదు, ముఖాలు కూడా వేరు.

ఫ్రెంచి పుస్తకం ముఖం కడిగిన పలకలా ఉండేది. పారిస్‌లో గాలిమార్ సంస్థ 1911లో మొదలుపెట్టిన తెల్ల అట్టల వరసే అందుకు సాక్ష్యం: మీగడరంగు కాగితం, చుట్టూ నల్లగీత, దాని లోపల రెండు ఎర్రగీతలు, రచయిత పేరు, పుస్తకం పేరు. బొమ్మ ఉండదు. ఆ రోజుల్లో చాలా ఫ్రెంచి పుస్తకాలను అంచులు కోయకుండానే అమ్మేవారు. పాఠకుడు చాకుతో పేజీలు చీల్చుకుంటూ చదవాలి. పుస్తకం నచ్చితే బైండరుకిచ్చి తోలు అట్ట వేయించుకోవాలి. అంటే దానికి చొక్కా తొడిగే బాధ్యత కొన్నవాడిదే.

తెలుగు పుస్తకం అలా కాదు, ముస్తాబై వస్తుంది. అయితే ఆ ముస్తాబు మొదటినుంచీ లేదు. కవి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి చిన్నతనంలో, ఆయన చదువు కోసం కుటుంబం యానాం వచ్చింది. వాళ్లింట పూర్వులు కూడబెట్టిన తాటాకు గ్రంథాలుండేవి. తాటాకు పుస్తకానికి పైనొక చెక్క, కిందొక చెక్క, నడుమ తాడు. అదే దాని అట్ట. గంటంతో గీసిన అక్షరంలోకి మసి దిగితేనే అది కంటికి ఆనుతుంది. ఆ తర్వాత వచ్చిన అచ్చు పుస్తకాలకు ముఖపత్రం చుట్టూ పూలతీగల అంచు కడితే చాలు, అదే గొప్ప అలంకారం. శాస్త్రిగారు 1870లో పుట్టి 1950లో కన్నుమూశారు. తాటాకు కట్టల నుంచి రంగుల అట్టల దాకా తెలుగు పుస్తకం మారిందంతా ఒక్క మనిషి ఆయుర్దాయంలో ఇమిడిపోయింది.

ఆ మార్పులో పెద్ద మలుపు రాజమండ్రిలో వచ్చింది. కళాశాల ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన బొమ్మలు గీసే దామెర్ల రామారావుని, అడివి బాపిరాజుని చేరదీశాడు. దామెర్ల 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. బాపిరాజు ఒక చేత్తో కుంచె, ఒక చేత్తో కలం పట్టి ‘నారాయణరావు’ నవల రాశారు. బొమ్మ గీసేవాడు, కథ రాసేవాడు వేరువేరు కానక్కర్లేదని గోదావరి జిల్లాలకు అప్పుడే తెలిసింది.

1947 జూలైలో పిల్లల పత్రిక ‘చందమామ’ పుట్టింది. యానాం అప్పటికింకా ఫ్రెంచి పాలనలోనే ఉంది. చిత్రా, శంకర్ లోపలి కథలకు బొమ్మలు వేశారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ ఎంతగా ముద్రపడేలా గీశారంటే, కథ మరిచిపోయినవాళ్లకు కూడా ఆ కత్తి, ఆ నడక గుర్తుంటాయి. అట్ట మీద రంగుల సంగతికొస్తే వడ్డాది పాపయ్య పేరు చెప్పాల్సిందే. కశింకోటలో కూర్చుని ఆయన వేసిన నీలాలు, పసుపులు ఎన్నో తెలుగిళ్ల గోడలకు కూడా ఎక్కాయి.

ఇక బాపు. ఆయన దగ్గర కాసేపు ఆగాలి. 1933లో నరసాపురంలో పుట్టారు. ఆయన స్నేహితుడు ముళ్లపూడి వెంకటరమణది ధవళేశ్వరం. గోదావరి పాయలుగా చీలే చోట రమణ, వశిష్ఠ సముద్రంలో కలవబోయే చోట బాపు. అదే నది గౌతమి పాయ మీద యానాం. మూడు రంగుల బ్లాకులు ఖరీదైన కాలంలో, చవగ్గా అచ్చయ్యే గీత బ్లాకుతోనే ఆయన అద్భుతాలు చేశారు. ఎమెస్కో పాకెట్ పుస్తకాల అట్టలు చూస్తే ఇది తెలుస్తుంది. ఒకచోట లావెక్కి ఇంకోచోట సన్నబడే నల్లగీత, దాని వెనక అద్దిన ఒకటి రెండు రంగులు, అంతే. పేరుకి అచ్చు అక్షరాలు వాడకుండా కుంచెతోనే రాసేవారు. ఆ రాత బొమ్మలో భాగమైపోయేది. ఇవాళ అది కంప్యూటర్లో ఖతి అయింది గానీ, చేత్తో రాసినప్పటి ఒంపు ప్రతిసారీ కొత్తగా ఉండేది.

శంకరమంచి సత్యం ‘అమరావతి కథలు’ నూటికీ బాపు బొమ్మ ఉంది. కృష్ణ ఒడ్డు ఊరు కాబట్టి అది అలా ఉంచినా, వంశీ రాసిన ‘మా పసలపూడి కథలు’, ‘మా దిగువ గోదారి కథలు’ మాత్రం యానాం పొరుగింటి సంగతులే. కాలవగట్టు, కొబ్బరిచెట్టు, పడవ, బిందె చంకనెత్తుకున్న ఆడమనిషి... వీటిని చూడటానికి ఇక్కడివాళ్లు పుస్తకం తెరవక్కర్లేదు, వాకిట్లోకొస్తే చాలు. అయినా తెరుస్తారు. రోజూ చూసేదాన్ని ఎవరో శ్రద్ధగా చూసి గీశారంటే, దాన్ని మళ్లీ చూడబుద్ధవుతుంది.

ఇన్నాళ్లూ బయటి పుస్తకాలు ఊరికి వచ్చాయి. తర్వాత ఊరే అట్ట మీదికెక్కింది. దాట్ల దేవదానం రాజు ‘యానాం కథలు’, బొల్లోజు బాబా ‘ఫ్రెంచిపాలనలో యానాం’ చేతిలోకి తీసుకుంటే మొదట కనిపించేది ఊరి పేరే. ‘మువ్వల చేతికర్ర’ కవి శిఖామణిదీ ఈ ఊరే. అట్ట మీద తన ఊరి పేరు పెద్దక్షరాల్లో చూసుకోవడంలోని ఆనందం చిన్న ఊళ్లవాళ్లకే బాగా తెలుస్తుంది.

బాధ ఒక్కటే ఉంది. గ్రంథాలయాల్లో పుస్తకం నలిగితే బైండింగుకి పంపుతారు. అక్కడ ముందు చేసే పని పాత అట్ట ఊడదీయడం. దళసరి అట్ట, వీపున కాలికో గుడ్డ పడ్డాక పుస్తకం ఇంకో పాతికేళ్లు బతుకుతుంది గానీ, బాపు బొమ్మో పాపయ్యగారి బొమ్మో చెత్తబుట్టలోకి పోతుంది. ఫ్రెంచి పుస్తకంలాగే తెలుగు పుస్తకం కూడా బోసిముఖంతో తిరిగొస్తుంది. అట్ట పారేయకుండా మొదటి పేజీకి అంటించమని ఇచ్చేటప్పుడే అడగాలి. ఉడికించిన మైదాలో చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు బైండరు పక్కనే ఉంటుంది.