మెడలో గిల్టు, బ్యాంకులో బంగారం

మా నాన్న 1963 జనవరి దాకా బంగారప్పని చేశాడు. ఆ తర్వాత బందరు పక్కనున్న చిలకలపూడిలో గిల్టు పని చేశాడు. నేనేమో తాకట్టుకొచ్చే నగలకు గీటు చూసి విలువ కట్టే అప్రైజరునయ్యాను. బందరులో, గుడివాడలో, చివర్లో అవనిగడ్డలో ఓ బ్యాంకు కౌంటరు వెనక స్టూలు మీద కూర్చునే నా వయసంతా అయిపోయింది. అంచేత ఈ చుట్టుపక్కల ఏ మెడలో ఉన్నది అసలో, ఏ మెడలో ఉన్నది పూతో నాకు తెలిసినంత వాళ్లని కట్టుకున్నవాళ్లకు కూడా తెలిసి ఉండదు. ఎవరికీ చెప్పలేదనుకోండి. నోరు కట్టుకోవడం మా పనిలో సగం.

చిలకలపూడి సరుకు అంటే మనవాళ్లకు వెటకారం. పైన పటారం, లోన లొటారం అన్నట్టు మాట్లాడతారు. నాకా వెటకారం నచ్చదు. ఈ కృష్ణా కాలవల కింద సేద్యం ఎలా నడిచిందో చూసినవాడికి గిల్టు నగ డాబుసరి వస్తువులా కనబడదు.

బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. నీళ్లు దిగువకు పారాక ఇది వరి మీద బతికే సీమ అయింది. వరి మీద బతకడమంటే డబ్బు మొహం ఏడాదికోసారి చూడటం. రెండో పంటగా దాళ్వా పండే ఊళ్లో అయితే రెండుసార్లు. ఆషాఢంలో కాలవలు వదిలింది మొదలు నారుమడికీ, దమ్ముకీ, ఊడ్పులకీ, ఎరువుకీ చేతిలోంచి పోవడమే గానీ వచ్చేదుండదు. కుప్ప నూర్చి ధాన్యం అమ్మేసరికి సంక్రాంతి. ఈ ఆరు నెలలూ చేను నిలబెట్టింది ఇంటావిడ నాంతాడు, కాసులపేరు, గాజులు. తీరా పెళ్లిళ్లూ పేరంటాలూ ముంచుకొచ్చే శ్రావణం కూడా ఆ ఆరు నెలల్లోనే వస్తుంది. తాడు తాకట్టులో ఉందని వరలక్ష్మీ వ్రతానికి బోసి మెడతో వెళ్తుందా? చిలకలపూడి తాడు వేసుకుని వెళ్తుంది. సంక్రాంతి దాటాక అసలుది విడిపించుకుంటుంది. సూత్రాలు మాత్రం మా దగ్గరికి వచ్చేవి కావు. వాటిని పసుపుతాడుకి గుచ్చుకుని, బంగారు తాడు ఒక్కటే తెచ్చేవాళ్లు.

ఒకావిడ ఏటా వచ్చేది. సంచీలోంచి అసలు గొలుసు తీసి ఇస్తూ, "ఆచారి గారూ, మీరు ఇది చూడండి. మెడలోది చూడకండి" అనేది. "చూడలేదమ్మా" అనేవాణ్ణి. గుమ్మంలో అడుగు పెట్టినప్పుడే చూశానని ఆవిడకీ తెలుసు.

ఈ ఏర్పాటు ఒకసారి బాగా దెబ్బతింది. 1920ల చివర కృష్ణా, గోదావరి జిల్లాల్లో శిస్తు రూపాయికి మూడణాల చొప్పున పెంచుతామని మద్రాసు ప్రభుత్వం కూర్చుంది. రైతులు గొడవ చేస్తుండగానే 1929 నాటి ప్రపంచ మాంద్యం వచ్చిపడింది. ధాన్యం ధర రెండేళ్లలో సగానికి దగ్గరగా దిగింది. శిస్తూ వడ్డీ మాత్రం రూపాయల్లోనే కట్టాలి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణం వదిలేసేసరికి బంగారం ధర లేచింది. తులం ఇరవై ఒక్క రూపాయల పైచిలుకున్నది ముప్పై దాటింది. ధాన్యం కొనే నాథుడు లేడు, నగ తెస్తే మాత్రం రొక్కం. దేశమంతటా రైతుల ఇళ్లలోని బంగారం అలా బయటికొచ్చి, బొంబాయిలో ఓడలెక్కి లండను చేరింది. ఆ రోజుల్లో మా తాత కుంపటి మీద చేసిన నగలకంటే కరిగించినవే ఎక్కువని నాన్న చెప్పేవాడు. 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చి పాత బాకీల వడ్డీ కొట్టేసింది. మంచి చట్టమే. అయితే అప్పటికే అమ్ముడుపోయిన నగల్ని ఏ చట్టం తిరిగి తెస్తుంది? తాకట్టు వేరు, అమ్మకం వేరు. తాకట్టులో ఉన్న నగ మీద ఇంటావిడకి ఆశ ఉంటుంది.

ఈ తాకట్టుకి బ్యాంకు రాకముందు షావుకారే దిక్కు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923 నవంబరులో బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తూకం, రసీదు, వడ్డీ లెక్క కాగితం మీద ఉండటమన్నది రైతుకి చిన్న విషయం కాదు.

ఇక 1963. చైనా యుద్ధం అయిన రెండు నెలలకు ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి గారు బంగారం నియంత్రణ ఉత్తర్వు తెచ్చారు. దొంగ బంగారం దిగుమతి ఆపాలని ఉద్దేశం. కొత్తగా చేసే ఏ నగా 14 కారెట్లు దాటకూడదన్నారు. అంటే నూటికి యాభై ఎనిమిది పాళ్లే బంగారం. రంగు చూస్తేనే పాలిపోయినట్టుంటుంది. కూతురి పెళ్లికి అలాంటి తాడు ఎవరు చేయించుకుంటారు? కంసాలి వీధుల్లో కుంపట్లు ఆరిపోయాయి. దేశంలో ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. నాన్న తన తీగ లాగే కమ్మచ్చు, పటకారు మూటగట్టి చిలకలపూడి నడిచాడు. 1966లో ఆ 14 కారెట్ల నియమం ఎత్తేశారు గానీ నాన్న వెనక్కి రాలేదు.

అక్కడి పాత పద్ధతి చెప్పాలి. రాగి కడ్డీకి పల్చటి బంగారు రేకు చుట్టి, కాల్చి, రెంటినీ ఒకటిగా అతికిస్తారు. ఆ కడ్డీని కమ్మచ్చులో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి లాగుతూ పోతారు. రాగి సాగిన కొద్దీ దాని మీది బంగారమూ సాగుతుంది. చివరికి వెంట్రుకంత తీగ వచ్చినా పైన బంగారం ఉంటుంది. దాంతో గొలుసు అల్లి, మాటు పెట్టి, కుంకుడు రసంతో తోమితే తయారు. మా ఇంట్లో అమ్మ, అక్కలు రాళ్లు అతికేవాళ్లు. డజను లెక్కన కూలి. ఆ డబ్బుతోనే నేను చదువుకున్నాను. తర్వాత విద్యుత్తు పూత వచ్చింది. పని సులువైంది గానీ పూత పల్చనైంది. ఆ తొట్టిలో సైనైడ్ ఉంటుంది. ఇరుకు గదుల్లో పిల్లల్ని పక్కన పెట్టుకుని ఆ పని చేసినవాళ్ల సంగతి ఎవరూ రాయరు.

కౌంటరు దగ్గర నన్ను తికమక పెట్టింది ఆ పాత గిల్టే. గీటురాయి మీద మొదటి రుద్దుకి అచ్చం బంగారంలా గీత పడుతుంది. కొక్కెం దగ్గరో, రింగులు ఒరుసుకునే చోటో గట్టిగా రుద్ది, ఆసిడ్ చుక్క వేయాలి. రాగి అయితే గీత ఆకుపచ్చగా పొంగి చెరిగిపోతుంది. మంచి బంగారం గీత అలాగే నిలబడుతుంది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సుమారు 10,000 మంది పోయారు. నెల గమనించండి: కోతలకు ముందు. అంటే నగలు తాకట్టులో ఉండే కాలం. ఇల్లు, గొడ్డు, గాదె, మెడలో గిల్టు సహా అన్నీ కొట్టుకుపోయినవాళ్లకు బ్యాంకు ఇనప్పెట్టెలో ఉన్న ఆ కాస్త బంగారం మిగిలింది. పంట లేదు కాబట్టి విడిపించుకోలేరు, వడ్డీ కట్టి తిరగరాయించుకోవడమే. ఉప్పునీరు నిలిచిన చేనుకి మళ్లీ పెట్టుబడి కావాలిగా. కొన్ని తాకట్టు ప్యాకెట్ల కోసం ఎవరూ రాలేదు.

1983లో గుడివాడ నుంచి గెలిచిన నిమ్మకూరు బిడ్డ ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా కిలో బియ్యం రెండు రూపాయలకే ఇచ్చారు. కార్డుకి నెలకు 25 కిలోల దాకా. దాని మీద పెద్దలు చాలా వాదించారు. నేను చూసింది చిన్నది: ఆ ఏడాది కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగస్వామి గుడి దగ్గర గిల్టు కొట్లలో కూలోళ్ల ఆడవాళ్లు ఎక్కువగా కనబడ్డారు. గంజికి కటకట తగ్గితే జూకాల మీదికి మనసు పోయింది. కడుపు నిండాక సోకు కోరుకోవడం తప్పని నాకెవరూ నిరూపించలేదు.

ఇప్పుడు గిల్టు దాచుకునే వస్తువు కాదు. ఒక గ్రాము బంగారం అనే పేరుతో దర్జాగా అమ్ముతున్నారు, పోతేపల్లిలో నగల పార్కే ఉంది, సరుకు ఇతర రాష్ట్రాలకూ పోతోంది. 2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటాక దర్జా ఇంకా పెరిగింది. తాకట్టు కారణాలు కూడా మారాయి. ఊడ్పుల కోసం వచ్చేవాళ్లు తగ్గి, రొయ్యల చెరువు మేతకీ, ఇంజనీరింగు ఫీజులకీ తెస్తున్నారు. వీటికి సంక్రాంతి గడువు లేదు. అందుకే వేలం కాగితాలు ఎక్కువగా వెళ్తున్నాయని ఇప్పటి అప్రైజరు కుర్రాడు చెప్పాడు.

నన్ను ఇంకా అడుగుతుంటారు, గిల్టు ఎలా దాచాలని. స్నానానికి ముందు తీసేయండి. సెంటు కొట్టుకున్నాకే వేసుకోండి. చెమట పట్టిందాన్ని మెత్తటి నూలుగుడ్డతో తుడిచి, దూదిలో చుట్టి, ఒక్కోదాన్నీ విడిగా డబ్బాలో పెట్టండి. పూత పోతే పారేయకుండా చిలకలపూడి పట్టుకెళ్లండి, మళ్లీ వేసిస్తారు.