వేలూరి తిరుగుబాటు: మతమా? అజ్ఞానమా?

లత్తేరి నుండి కాట్పాడి మీదుగా పాలారు దాటి వేలూరు చేరువారు అగడ్త నడుమ నిలిచిన రాతికోటను చూడక రారు. గుడియాత్తము, లత్తేరి ప్రాంతముల తెలుగు కుటుంబములకు ఆ కోట పరాయిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడు వరకు ఈ సీమయు, చిత్తూరును ఉత్తరార్కాటు అను ఒకే జిల్లాలోనివి. ఆ కోటలో జలకంఠేశ్వరుని ఆలయమును, ఒక మసీదును, ఒక క్రైస్తవ దేవాలయమును కలవు. అట్టి చోట 1806 జూలై 10వ తేదీన పారిన నెత్తురునకు కారణము మతమా, అజ్ఞానమా యని ఆనాడే వాదము పుట్టినది.

నేడు లోకమున ఏ మూల ఉగ్రవాద కృత్యము జరిగినను ఈ ప్రశ్నయే మరల వినవచ్చుచున్నది. వేలూరి సిపాయిలు నేటి అర్థమున ఉగ్రవాదులు కారు; పరప్రభుత్వముపై ఆయుధమెత్తిన సైనికులు. ఐనను మతము పేర మనుష్యుడు మనుష్యుని చంపుటకు నిజమైన హేతువేదో విచారింపగోరు వారికి, మన ఇంటి ప్రక్కనే ఇంతకన్న తగిన నిదర్శనము లేదు.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప టిప్పు సుల్తాను కుమారులను, వారి పరివారమును కుంపిణీవారు వేలూరు కోటలో కాపుంచిరి. 1806 నాటికి ఆ కోటలో సుమారు 1,500 మంది దేశీయ సిపాయిలును, సుమారు 370 మంది ఆంగ్ల సైనికులును ఉండిరి. కుంపిణీవారి మద్రాసు సైన్యమున తమిళులు, తెలుగువారు, మహమ్మదీయులు కలసి పనిచేయుచుండిరి. ఉత్తర హిందూస్థానమున సిపాయికి ‘తిలంగా’ యను పేరు కలుగుటయే ఆ సైన్యమునకును తెలుగునాటికిని గల పూర్వసంబంధమును చాటుచున్నది.

1805 నవంబరులో సిపాయిలకు క్రొత్త తరహా తలపాగా నిర్ణయింపబడినది. అది చూచుటకు టోపీవలె నుండెను. అందు తోలుతో చేసిన అలంకారము కూడ కలదు. 1806 మార్చిలో సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ పేర వెలువడిన నిబంధనలు దీనికి తోడైనవి. సైనిక దుస్తులలో నున్నపుడు నొసట మతచిహ్నములు ఉంచరాదు; చెవిపోగులు ధరింపరాదు; గడ్డము గొరిగించుకొనవలెను; మీసములు ఒకే తీరున నుండవలెను. హిందువునకు విభూతియో నామమో పోయినది. మహమ్మదీయునకు గడ్డము పోయినది. ఇరువురి నెత్తిమీదికిని తోలు వచ్చినది. టోపీ యనగా దొరల గురుతని ఎరిగిన జనులు, ఇది క్రైస్తవమున కలుపుటకు మొదటి మెట్టని భయపడిరి.

మే నెలలో వేలూరి సిపాయిలు కొందరు ఆ తలపాగాను ధరింపమని తెలిపిరి. వారిని మద్రాసునకు పంపి విచారించిరి. ఒక హిందువునకు, ఒక మహమ్మదీయునకు కొరడా దెబ్బలు కొట్టించి కొలువునుండి తొలగించిరి. తక్కిన పందొమ్మిదిమంది క్షమాపణ వేడి దెబ్బలు తప్పించుకొనిరి. జూన్ నెలలో ముస్తఫా బేగ్ అను సిపాయి తన పై అధికారి కడకు పోయి, కుట్ర జరుగుచున్నదని ముందుగనే చెప్పెను. ఆ మాటను తేల్చుటకు దేశీయ అధికారులనే అడిగిరి. వారిలో కొందరికి కుట్రతో సంబంధముండెను. ఆతడు పిచ్చివాడని వారు చెప్పగా, ఆతనినే బంధించిరి.

జూలై 9వ తేదీన టిప్పు కుమార్తె వివాహము కోటలో జరిగినది. ఆ రాత్రి తెల్లవారకముందే సిపాయిలు లేచిరి. నిద్రించుచున్న 69వ రెజిమెంటు సైనికులపై తుపాకులు ప్రేల్చిరి. ఆసుపత్రిలోని రోగులను సైతము విడువలేదు. కోట అధికారి కర్నల్ ఫ్యాంకోర్టుతో గూడ పదునలుగురు అధికారులును, నూరుమందికి పైగా ఆంగ్ల సైనికులును హతులైరి. కోటపై టిప్పు పతాకము ఎగిరినది. ఉదయము ఆర్కాటు నుండి గిలెస్పీ అశ్వదళముతో వచ్చి ద్వారములు బ్రద్దలుకొట్టించి లోన ప్రవేశించెను. అటుపిమ్మట జరిగినది ప్రతీకారము. రాజమందిరమున తలదాచుకొన్న సుమారు నూరుమంది సిపాయిలను వెలికి తెచ్చి గోడకు నిలువబెట్టి కాల్చిరి. మొత్తము మూడువందలకు పైగా సిపాయిలు మరణించిరి. విచారణానంతరము కొందరిని ఫిరంగి మూతులకు కట్టి పేల్చిరి, కొందరిని ఉరితీసిరి.

దీనికి కారణమేమి? విచారణ సంఘమువారు రెండు హేతువులు చెప్పిరి: దుస్తుల మార్పులు, టిప్పు పరివారము కోటలో నుండుట. ఇంగ్లండులో మరియొక వాదము బయలుదేరెను. మిషనరీల మతప్రచారమే మూలమనుచు థామస్ ట్వైనింగ్ 1807లో కరపత్రము ప్రకటించెను. కాని వేలూరి నిబంధనలను వ్రాసినది మిషనరీలు కారు, సైనిక కార్యాలయము.

మతమే కారణమనువారికి ఒక చిక్కు గలదు. హిందువులును మహమ్మదీయులును ఆ రాత్రి ఒక్కటై లేచిరి. ఇద్దరి ధర్మములు వేరు. గాయము మాత్రము ఒక్కటి. మరియు 1780లో విశాఖపట్టణమున సిపాయిలు తమను ఓడలలో మద్రాసునకు పంపుటకు ఒప్పుకొనక తిరుగబడి అధికారులను చంపిరి. అచ్చట బొట్టు మాటయు లేదు, గడ్డము మాటయు లేదు. మతము లేకున్నను తుపాకి ప్రేలుననుటకు ఇది సాక్ష్యము.

హైదరాబాదు కథ ఇంకను స్పష్టమైనది. అచ్చటి కుంపిణీ సైన్యమునకును అవే ఉత్తరువులు చేరినవి. అవే వదంతులు వ్యాపించినవి. సేనానాయకుడు మాంట్రెసర్ రెసిడెంటు సిడెన్‌హాము సలహాతో, మద్రాసు అనుమతికై వేచియుండక, ఆ ఉత్తరువులను ఉపసంహరించెను. రక్తపాతము జరుగలేదు. వేలూరి వార్త విని భయపడినందువలననే ఆతడట్లు చేసెనని అనవచ్చును. కావచ్చును. కాని తెలుసుకొని దిగివచ్చిన చోట ప్రాణములు నిలిచినవనుట మాత్రము నిజము. సిపాయిల మతము రెండుచోట్లను ఒక్కటే. మారినది అధికారి తెలివి.

కనుక దోషము అజ్ఞానమున కెక్కువ చెందును. అయితే ఆ అజ్ఞానము చదువులేమి కాదు. క్రాడక్ గాని, గవర్నరు విలియం బెంటింకు గాని చదువురానివారు కారు. నిబంధనలలో ఇట్టి క్రొత్త విషయము చేరినదని తనకు తెలియదని బెంటింకు చెప్పుకొనెను. తాను సంతకము చేయించిన కాగితమున నేమున్నదో పాలకునికే తెలియదు. తెలిసి చెప్పవచ్చిన సిపాయి పిచ్చివాడైనాడు. వినుటకు మనసొప్పని అజ్ఞానమిది. సిపాయిల వైపునను అజ్ఞానము లేకపోలేదు. దుస్తులకు వ్రేలాడు తుపాకి మర త్రిప్పు పనిముట్టును చూచి అది సిలువయని నమ్మినవారు కలరు. అడుగుటకు వీలులేని చోట వదంతియే గురువగును.

ఇంతమాత్రమున చంపినవాని చేతికంటిన నెత్తురు తుడిచివేయరాదు. మంచముపై నున్న రోగిని చంపుమని ఏ ధర్మమును చెప్పలేదు. శరణు జొచ్చినవానిని గోడకు నిలిపి కాల్చుమని ఏ ధర్మమును చెప్పలేదు. మతము ఆ కోపమునకు భాష నిచ్చినది. అజ్ఞానము దానికి అవకాశ మిచ్చినది. చేసినవాడు మాత్రము మనుష్యుడే.

ఉత్తరువులు రద్దైనవి. 1807లో క్రాడక్కును, బెంటింకును వెనుకకు పిలిపించిరి. టిప్పు కుటుంబమును కలకత్తాకు తరలించిరి. ఐనను పాఠము నిలువలేదు; ఏబదియొక్క సంవత్సరముల పిదప, 1857లో, కొవ్వు పూసిన తూటాల విషయమున అదే తప్పు మరల జరిగినది.

జలకంఠేశ్వరాలయము చిరకాలము మూలమూర్తి లేక ఆయుధములకును సామగ్రికిని నెలవై యుండి, 1981లో మరల స్వామి ప్రతిష్ఠతో పూజలందుకొనినది. నేడు వేలూరున ఆంగ్ల సైనికుల సమాధులు కలవు. కోట వెలుపల సిపాయిల స్మారకస్తంభము కలదు. పాఠశాల బాలురను అచ్చటికి తీసికొనిపోవు పెద్దలు ఆ రెంటిని చూపవలెను. ఒక్కదానినే చూపి మరలినచో, 1806 నాటి అజ్ఞానమే మరొక తరమునకు సంక్రమించును.