విషమే మందైన వైనం

పాషాణం జోలికి పోతే ప్రాణం పోతుందని చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. ఆ భయమే 2014లో మా ఇంటిమీదికి తెచ్చింది.

మా తమ్ముడి కూతురికి చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు. 'అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా' అనే రక్తక్యాన్సరని తేల్చి, ఆర్సెనిక్ ఇంజక్షన్లు ఇస్తామన్నారు డాక్టరుగారు. "పాషాణమట్రా! రెండు రోజులాగి ఇంకొకరిని అడుగుదాం" అన్నాను. పెద్దవాణ్ణి గనుక తమ్ముడు కాదనలేకపోయాడు. ఒక రోజు గడిచిపోయింది. ఈ జబ్బులో మొదటి రోజుల్లో రక్తస్రావమే ప్రాణం తీస్తుందని డాక్టరుగారు గట్టిగా చెప్పాక గానీ సంతకాలు కాలేదు.

ఆ తరువాత కూర్చుని చరిత్ర చదివాను. 1786లోనే ఇంగ్లండులో ఫౌలర్ అనే వైద్యుడు పాషాణ ద్రావణాన్ని జ్వరాలకు వాడాడు. 19వ శతాబ్దంలో దానిని రక్తక్యాన్సరుకూ ఇచ్చారు. తరువాత అది మూలపడింది. 1970 దశకం ఆరంభంలో చైనాలోని హార్బిన్‌లో జాంగ్ టింగ్‌డాంగ్ బృందం ఒక నాటుమందును పరీక్షించింది. అందులో పాషాణం, పాదరసం, కప్పవిషం ఉండేవి. పనిచేసేది పాషాణమేనని తేల్చారు. అమెరికా 2000లో ఈ మందును అనుమతించింది. మనకు దగ్గరలోని వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారు 1998-2004 మధ్య 72 మందికి ప్రధానంగా ఈ మందుతోనే వైద్యం చేసి, 86 శాతం మందిలో జబ్బు అణిగిందని 2006లో ప్రకటించారు.

ఇంతకీ ఇది చేసే పనేమిటి? ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా చేసినవాణ్ణి, నాకు తెలిసిన భాషలో చెబుతాను. గడువు తీరిన ఎల్.డిస్. ఫైళ్ళను ఏరి ధ్వంసం చేయకపోతే రికార్డు రూములో కాలుపెట్టే చోటుండదు. కణంలోనూ అంతే. పాడైన సరుకును సంచిలో కట్టి, జీర్ణం చేసుకునే ఏర్పాటుంది. దానికి 1963లో డి డూవ్ 'ఆటోఫజీ' అని పేరు పెట్టాడు. దాని గుట్టు విప్పిన జపాను శాస్త్రవేత్త ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. ఈ జబ్బులో రెండు జన్యువులు అతుక్కుని ఒక వికృత ప్రోటీను పుడుతుంది. అది తెల్లకణాలను ఎదగనివ్వదు. ఆర్సెనిక్ దానిని పట్టుకుని, 'ధ్వంసం చేయవచ్చు' అని ముద్ర వేయిస్తుంది. కణంలోని ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాంగం దానిని తునకలు చేస్తుంది. అందులో ఆటోఫజీకీ పాలుందని 2010లో పరిశోధకులు చూపారు.

అయితే ఒక హెచ్చరిక. ఇది గుండె లయను చెడగొట్టగలదు. ఇ.సి.జి. చూస్తూ, ఆసుపత్రిలో కొలత ప్రకారం ఇవ్వవలసిందే. పాషాణం కలిసిన నాటుమందుల జోలికి పోవద్దు.

అమ్మాయి కోలుకుంది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. పండక్కి వచ్చినప్పుడల్లా "పెదనాన్నా" అంటూ పలకరిస్తుంది. నేను పోగొట్టిన ఆ ఒక్క రోజు సంగతి దానికి తెలియదు. మీ ఇళ్ళలో పెద్దరికం మీదే అయితే, తెలియని చోట అడ్డు చెప్పే ముందు డాక్టరును ఆ పూటే అడగండి. రేపటికి వాయిదా వేయకండి.