జోగిని బిడ్డకు మనోవర్తి ఏది?

బంజారాహిల్స్ రోడ్ నెం. 12లో మంత్రుల నివాసాలున్నాయి. అవే గుట్టల మీద సింగాడికుంట, ఎన్.బి.టి. నగర్ వంటి బస్తీలూ ఉన్నాయి. ఆ బంగళాల పునాదులు తవ్విన చేతులు, ఇప్పుడు అంట్లు తోముతున్న చేతులు చాలావరకు పాలమూరు నుంచి వలసొచ్చినవే. జోగిని వ్యవస్థ బలంగా వేళ్లూనుకున్న జిల్లాల్లో పాలమూరు ఒకటి. బడిలో పేరు రాయించేటప్పుడు "తండ్రి పేరేంది?" అని అడిగితే జోగిని తల్లి ఏం చెప్పాలె? తండ్రి ఎవరో ఊరందరికీ ఎరుకే. కాగితం మీద మాత్రం ఉండడు.

మాల మాదిగ పిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో విడవడం భక్తి వ్యవహారమని చెబుతారు. భూమి ఉన్నవాడికి వాడలోని స్త్రీ మీద హక్కు ఇవ్వడం దాని అసలు పని. పుట్టిన బిడ్డకు తల్లి కులం, తల్లి కూలి మాత్రమే మిగులుతాయి. దొర ఆస్తికి గీత పడదు.

అట్లని చట్టం లేదా? ఉంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకూ తండ్రి మనోవర్తి ఇవ్వాలన్నది. 1973 కోడ్‌లో అది 125వ సెక్షన్ అయింది. నెలకు 500 రూపాయలకు మించరాదన్న హద్దును 2001లో తీసేశారు. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే హక్కు 144వ సెక్షన్‌గా ఉంది.

మరి జోగిని బిడ్డకు ఎందుకందలేదు? పెళ్లయిన స్త్రీకి పుట్టిన బిడ్డకు భర్తే తండ్రి అని సాక్ష్య చట్టమే అనుకుంటుంది. జోగిని మాత్రం రుజువు చేయాలె. రక్తపరీక్షలకు మామూలుగా ఆదేశించరాదని 1993లో గౌతమ్ కుందు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరి పొలంలో కూలి చేస్తున్నదో వాడి మీదే కేసు వేసి, ఊళ్లో సాక్షిని తేవడం ఏ తల్లి వల్లనవుతుంది? ఆస్తి మాటకొస్తే, హిందూ వారసత్వ చట్టం అట్లాంటి బిడ్డను తల్లికి మాత్రమే బంధువంటుంది.

నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం వంటివారు జోగినుల మధ్య పనిచేసిన కాలంలోనే, 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల నిషేధ చట్టం వచ్చింది. జోగినిగా విడవడం నేరమన్నది, ఆమె చేసుకునే పెళ్లి చెల్లుతుందన్నది. అప్పటికే పుట్టిన బిడ్డ తండ్రిని నిలదీసే దారి మాత్రం చూపలేదు. అంటే ఆచారాన్ని నిషేధించి, ఆచారంతో లాభపడినవాడిని వదిలేసింది. జస్టిస్ రఘునాథరావు ఏకసభ్య కమిషన్ 2013లో రెండు ప్రాంతాల్లో కలిపి సుమారు 80,000 మంది ఉన్నారన్నది. వాళ్ల పిల్లల లెక్క ఎవరి బాధ్యత?

2025లో కర్ణాటక శాసనసభ కొత్త దేవదాసీ బిల్లును ఆమోదించింది. తండ్రిని గుర్తించమని అడిగే హక్కు, మనోవర్తి, ఆస్తిలో వాటా బిడ్డకు దక్కేటట్టు అందులో రాశారు. పక్క రాష్ట్రం చేయగలిగింది మన రెండు రాష్ట్రాలు ఎందుకు చేయలేవు?

మనం అడగవలసినవి స్పష్టంగా ఉండాలె. బిడ్డ కోరితే, బిడ్డ కోరితేనే, డి.ఎన్.ఎ. పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో జరగాలె. కేసు తేలేదాకా పోషణ ఖర్చు ప్రభుత్వమే ఇచ్చి, తర్వాత తండ్రి దగ్గర భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టు రాబట్టాలె. అన్నిటికన్నా ముఖ్యం, తండ్రి అగ్రకులస్తుడని తేలిందని బిడ్డ ఎస్సీ సర్టిఫికెట్ పోకూడదు. తల్లి కులంలో పెరిగి ఆ అవమానాలే పడ్డ బిడ్డకు, తండ్రి కులమే అంటగట్టనక్కరలేదని 2012లో రమేశ్‌భాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది కులాంతర వివాహం గురించిన తీర్పు. జోగిని బిడ్డల విషయంలో ఆ మాట చట్టంలోనే రాసి ఉండాలె. లేకుంటే దొర పేరు సంపాదించుకున్న పిల్లవాడు హాస్టల్ సీటు పోగొట్టుకుంటాడు.

జోగినులకు ఇంటిస్థలం, పెన్షన్ ఇచ్చి సరిపెట్టడం ప్రభుత్వాలకు అలవాటే. అవి కావలసిందే. కాని తండ్రి బాకీని పన్నుల సొమ్ముతో మాఫీ చేసే పద్ధతిని పునరావాసం అనలేం. రోడ్ నెం. 12లో ఉన్నవాళ్లు ఈ బిల్లు రాయడానికి దూరం పోనక్కరలేదు. పొద్దున పనికొచ్చే మనిషిని కూర్చోబెట్టి అడిగితే చాలు.